బ్లాక్ దొరికింది

జూన్ 9, సోమవారం

ఆనందం! ఆనందం! ఆనందం! మూడుసార్లు రాసినా తనివి తీరలేదు. మా రమణ రైలు డ్రైవరయ్యాడు. అసిస్టెంట్ లోకో పైలట్. ఫోనులో పాసైనవాళ్ల లిస్టులో వాడి నంబరు చూశాను, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. ఉంది. ఎక్కడికీ పోలేదు.

మూడుసార్లు పరీక్ష రాసి పోగొట్టుకుని నాలుగోసారి గెలిచాడు నా తండ్రి. లేక లేక పుట్టిన పిల్లాడు. నాకు అప్పటికే నలభై దాటాయి. వాడు పుట్టిన రోజున కూడా ఇంత సంబరపడలేదేమో, ఆ రోజు డ్యూటీలో ఉన్నాను.

స్టేషన్ బజారు నుంచి లడ్డూలు తెచ్చి బాగ్‌బేడాలో మా వీధంతా పంచాను. మా వీధి అయ్యాక పక్క వీధి. ముక్కూ మొహం తెలియని సైకిలువాణ్ణి ఆపి వాడి చేతిలోనూ ఒకటి పెట్టాను. "కిస్‌కీ షాదీ, బాబా?" అన్నాడు. పెళ్లి కాదురా, నా కొడుకు డ్రైవరయ్యాడు అంటే వాడు ఇంకొకటి అడిగి తీసుకున్నాడు.

మా ఆవిడ జోగమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఏటయ్యా, ఇంకా మెడికల్ అవనేదు, ట్రైనింగ్ అవనేదు, ఊరంతా టముకేసిసినావు" అంది.

"ఒలే జోగీ, మెడికలేటే? ఆడు ఎద్దునాగున్నాడు" అన్నాను.

టాటానగర్ చుట్టూ పట్టాల మీదే నా ఉద్యోగమంతా గడిచింది. గ్యాంగ్‌మేన్‌గా ఎక్కి గ్యాంగు పెద్దగా, మేటుగా దిగాను. బండి వస్తుందంటే గునపం తీసి పక్కకి దిగి నిలబడాలి. ఇంజను మన మొహం మీద గాలి కొట్టి పోతుంది. పైన కూర్చున్న డ్రైవరు మనవైపు చూడడు. ఎప్పుడో ఒకడు చూసి చెయ్యెత్తుతాడు. ఆ రోజు మా గ్యాంగుకి పండగే. సాయంత్రం దాకా అదే మాట్లాడుకునేవాళ్లం. ఇకమీదట ఆ చెయ్యి మా రమణది! పట్టాల పక్కన నిలబడేది నేను! ఎత్తకపోతే చెవి మెలేస్తానని ఇవాళే చెప్పాను.

ఈ ఇంట్లో తెలుగు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే, అదీ ఏడో తరగతి తెలుగు. జోగమ్మకి అక్షరం రాదు, రమణది హిందీ చదువు. అందుకని ఎంత వెర్రి ఆనందమైనా ఇక్కడ పోసుకోవచ్చు.

జూన్ 11, బుధవారం

ఇవాళా ఆనందమే. నాతో పట్టాల మీద పనిచేసిన వరహాలుకి మళ్లీ చెప్పాను. నిన్ననే చెప్పావు కద బావా అన్నాడు. నిన్న నిలబడి చెప్పాను, ఇవాళ కూర్చుని చెప్పాను.

జూన్ 19, గురువారం

మెడికల్ అయింది. చిన్న విషయం ఒకటి.

కళ్లు ఫస్టు క్లాసు. రంగులన్నీ చెప్పాడు. ఎత్తు, ఛాతీ, చెవులు, అన్నీ సరిపోయాయి. ఈసీజీ తీస్తే దాంట్లో గీత ఒకటి వంకరగా వచ్చిందట. 'టెంపరరీ అన్‌ఫిట్' అన్నారు. ఇక్కడ టెంపరరీ అన్న మాట గమనించాలి. నేనూ చేరినప్పుడు టెంపరరీనే. ఎండలో వానలో చేసి చేసి పర్మనెంటయ్యాను. రైల్వేలో టెంపరరీ అనే మాటకి ఎవడూ బెదరడు. గుండెకి వైద్యం చేయించుకుని రండి, ఆగస్టు ఆఖరులోగా రెండో మెడికల్ చేస్తాం అన్నారు. మర్యాదగానే అన్నారు.

జూన్ 20, శుక్రవారం

జోగమ్మ అన్నం ముట్టలేదు. నేను తిన్నాను. మారు వడ్డించుకున్నాను కూడా. ఒకడైనా ధైర్యంగా తింటూ కనపడాలి కదా.

జూన్ 23, సోమవారం

రమణకి ఇది చిన్నప్పటి నుంచీ ఉందట. బంతాట మధ్యలో గుండె ఉన్నట్టుండి పరిగెత్తేదట. కాసేపు కూర్చుంటే ఆగిపోయేదట.

"ఆటనించొచ్చి గోడకి ఆనుకుని కూకునీవోడు, నీకు గుర్తునేదేటి?" అంది జోగమ్మ. "మొహం సున్నంనాగ తెల్లగయిపోయీది. నాను అడిగితే ఎండ అనీవోడు."

"ఎందుకు చెప్పనేదురా?" అన్నాను వాడితో.

"రుక్ జాతా థా నా, నాన్నా" అన్నాడు. ఆగిపోయేది కదా అని.

ఆగిపోయేదే. ఆగిపోతుంది కూడా. ఇప్పుడు తెలియడమే మంచిదయింది, ఇంజనెక్కాక తెలిస్తేనే కష్టం. ఎటు చూసినా మన మంచికే. జోగమ్మకి ఇదంతా చెప్పాను. వినకుండా లేచి బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

జూన్ 30, సోమవారం

ఎంత మంచి రోజు! ముగ్గురం పెద్దాసుపత్రికి వెళ్లాం. గుండె కొట్టుకునే తీరు తప్పితే సరిచేసే డాక్టరమ్మ కలకత్తా నుంచి వచ్చి చూస్తుంది. బెంగాలీ ఆవిడ. నుదుట పెద్ద బొట్టు. తొందరపడదు.

కాగితం మీద బొమ్మ గీసింది. గుండెలో కరెంటు ఉంటుందట. పైగదుల నుంచి కిందిగదులకి దిగడానికి ఒకే లైను ఉండాలి. రమణకి పుట్టుకతోనే ఇంకొక లైను ఉంది. కరెంటు దీనిలోంచి దిగి దానిలోంచి ఎక్కి గుండ్రంగా తిరుగుతూ ఉంటే గుండె పరిగెత్తుతుంది. "లూప్ లైను!" అన్నాను. "వాహ్ బాబా!" అంది. పక్కనున్న చిన్న డాక్టరు కూడా నవ్వాడు.

నవ్వాక ఆవిడ మామూలు మొహం పెట్టింది. ఎప్పుడైనా పైగదులు పూర్తిగా లయ తప్పితే ఆ దొంగలైను అన్ని బళ్లనీ సిగ్నలు లేకుండా కిందికి వదిలేస్తుందట. ప్రాణానికే ముప్పట. అందుకని ఊరికే వదిలేయకూడదంది.

చేసేవి మూడున్నాయి. మొదటిది మాత్రలు. రోజూ వేసుకుంటే పరుగు తగ్గుతుంది గాని లైను అలాగే ఉంటుంది. మాత్రల మీద ఉన్నవాణ్ణి ఇంజనెక్కనివ్వరు. రెండోది తొడ దగ్గర నరంలోంచి సన్నటి తీగ పంపి దొంగలైనుని వేడితో కాల్చేయడం. చాలామందికి ఇదే చేస్తారట, మళ్లీ మాత్ర కూడా అక్కర్లేదట. అయితే రమణకి దొంగలైను అసలు లైనుని ఆనుకుని ఉన్నట్టుంది. మూడోది వేడికి బదులు చలి. కొద్దికొద్దిగా గడ్డకట్టిస్తూ, అసలు లైనుకి తగులుతున్నట్టుంటే ఆపేస్తారు, అది మళ్లీ తేరుకుంటుంది. ఆ మెషీను కలకత్తాలో ఉంది. వరస పొడుగు, దుర్గాపూజ దాటాక గాని మన వంతు రాదు. చలితో కాల్చింది ఒక్కోసారి మళ్లీ మొలుస్తుంది కూడా. అయినా ఆవిడ, నా కొడుకైతే నేను ఆగుతాను అంది.

దుర్గాపూజ ఎక్కడ, ఆగస్టు ఎక్కడ! వేడిది ఇక్కడే చేస్తారా అని అడిగాను. చేస్తాం గాని వినండి బాబా అంది. అంటూ వేలు పైకెత్తింది. "హీట్ మే బ్లాక్ హో సక్తా హై. సౌ మే చార్-పాంచ్. బ్లాక్ హో గయా తో మెషీన్ లగానా పడేగా. జిందగీ భర్."

బ్లాక్! ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పట్టాల మీద బతికినవాడికి ఆ మాట చెప్పాలా! బ్లాక్ దొరికిందంటే అంతసేపూ ఆ లైను మనది. అటునుంచీ ఇటునుంచీ బండి రాదు. పని నిదానంగా, నిక్కచ్చిగా చేసుకోవచ్చు. నూటికి నాలుగైదే దొరుకుతుందంటే మా దగ్గర మాత్రం అడిగిన ప్రతిసారీ ఇచ్చేవారా! దొరికాక మెషీను పెట్టి చేస్తారు. గునపాలతో చేసింది నాలుగు రోజుల్లో కుంగుతుంది, మెషీను పెట్టి చేసిన లైను ఏళ్ల తరబడి కదలదు. జిందగీ భర్! జీవితమంతా!

"సమఝ్ గయే?" అని అడిగింది.

"సమఝ్ గయా" అన్నాను.

మళ్లీ అడిగింది. మళ్లీ అర్థమైందన్నాను. రమణ ఆవిడవైపు చూడలేదు, నావైపే చూస్తున్నాడు. నా ఆనందం వాడికీ అంటుకుందనుకున్నాను.

బయటకి రాగానే జోగమ్మ కొంగు పట్టుకుని, "ఏటందయ్యా? నాకా హిందీ సగం తెలీనేదు" అంది.

"బ్లాక్ తీసుకుని మెషీనెట్టి చేత్తారట. జిందగీ భర్ గ్యారంటీ!"

రమణ ఆటో పిలవడానికి రోడ్డు దాటాడు.

జూలై 1, మంగళవారం

వరహాలుకి అంతా విప్పి చెప్పాను. వాడూ నేనూ ఒకే గ్యాంగు.

"గుండెలోన కూడా బ్లాక్ ఇత్తారేటి బావా! మన కంట్రోలాఫీసు కంటే నయం" అన్నాడు. "కాషన్ బోర్డెడతారేటి? ముందు ఎర్రజెండా పాతతారేటి?"

"నీ గుండెకైతే లెవెల్ క్రాసింగు గేటే పెట్టాల. దారినపోయే పతీదీ దూరిపోతాది" అన్నాను. పడీ పడీ నవ్వుకున్నాం.

అంతలో మా గ్యాంగులోనే ఉండే బంగార్రాజు గుర్తొచ్చాడు. ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చాడని తెలుసు. వానాకాలం, వంపు దగ్గర, బ్లాక్ దొరకలేదు, రెండు బళ్ల మధ్య చేసేద్దామన్నాడు. చేస్తూనే ఉన్నాడు, బండి మీదికొచ్చేసింది. ఆ తర్వాత నేను మేటునయ్యాక బ్లాక్ లేకుండా ఎవణ్ణీ పట్టాల మధ్యకి దింపలేదు. పైవాళ్లతో ఎన్ని తిట్లు తిన్నా సరే.

బ్లాక్ దొరికిన రోజున రమణ అమ్మతో కలిసి నాకు అన్నం తెచ్చేవాడు. ఇంతవాడు. నా పక్కన పట్టా మీద కూర్చోబెట్టుకునేవాణ్ణి. ఇనుము కాలుతుందని నా తలపాగా మడిచి వేసేవాణ్ణి. బండి రాదా నాన్నా అనేవాడు. బ్లాక్‌లో బండి రాదురా అనేవాణ్ణి. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అడిగేవాడు. వాడికి అది వినడం ఇష్టం.

జూలై 4, శుక్రవారం

రమణ కొంచెం బెరుకుగా ఉన్నాడు. సహజం.

"నాన్నా, కలకత్తావాలా కరా లేతే హైఁ" అన్నాడు. చలిది చేయించుకుందామని. ఆలస్యమైతే అయిందట.

"ఐసు పెడితే తగ్గడానికి అదేటి బెణుకా?" అన్నాను. వాడు నవ్వలేదు. "ఆగస్టు దాటిపోతే నీ సీటు ఇంకోడికిచ్చేత్తారు. మళ్లీ పరీక్ష, మళ్లీ మొదటికి. ఇక్కడ బ్లాక్ తీసుకుని చేత్తామని ఆవిడ సొయంగా సెప్పింది కదా, భయమేటి నీకు?"

వాడు చాలాసేపు చెప్పు అంచు గోకుతూ కూర్చున్నాడు. అప్పుడన్నాడు, "నాన్నా, ఉన్‌కా బ్లాక్ దూస్‌రా హై."

"ఏ డివిజన్‌లోనైనా బ్లాక్ బ్లాకేరా!" అన్నాను. భుజం మీద చరిచాను. నవ్వాడు ఈసారి. లేచి, సరే నాన్నా అన్నాడు. తెలుగులోనే అన్నాడు.

మా నాన్న నాకు ఏదీ ఇంత ఓపికగా చెప్పలేదు. నేను చెప్పగలిగాను. తృప్తిగా ఉంది.

జూలై 10, గురువారం

తేదీ ఇచ్చారు. పదహారు. వేడిదే. రమణే స్వయంగా సంతకం పెట్టాడు. వీధిలో అందరికీ చెప్పాను. బ్లాక్ ఎప్పుడు బాబాయ్ అని పిల్లలు కూడా అడుగుతున్నారు.

జూలై 15, మంగళవారం

రేపు. జోగమ్మ చింతచిగురు వేసి రొయ్యలు వండింది, వాడికి ఇష్టమని. సగం వదిలేశాడు.

"నాన్నా, ఒకవేళ నేను ఇంజన్ ఎక్కకపోతే?" అన్నాడు.

"ఎక్కకపోవడమేటిరా!"

"ఐసే హీ పూఛా." ఊరికే అడిగానన్నాడు.

ఊరికే అడిగాడు. రేపటి నుంచి అలాంటివి అడగడు.

జూలై 16, బుధవారం

లోపలికి తీసుకెళ్లారు. బల్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. జోగమ్మ అమ్మవారి కుంకుమ పొట్లం చేతిలోనే పట్టుకుని కూర్చుంది. నేను ఆనందంగా ఉన్నాను.

ఇంకా లోపలే.

డాక్టరమ్మ వచ్చింది! టోపీ తీసి చేతిలో పట్టుకుంది. "బాబా, బ్లాక్ హో గయా" అంది. బ్లాక్ అయింది! నేను ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాను. సంచిలో లడ్డూలు ఉన్నాయి, పెట్టె విప్పి ముందు పెట్టాను. ఆవిడ తీసుకోలేదు. నావైపు చూసి, గోడవైపు చూసి, కల్ బాత్ కరేంగే, రేపు మాట్లాడదాం అని లోపలికి వెళ్లిపోయింది. పాపం పొద్దుట్నుంచీ నిలబడే ఉంది. అలసిపోయింది.

జూలై 17, గురువారం

ఆ బ్లాక్ వేరట.

జూలై 18, శుక్రవారం

నిన్న నన్ను లోపల కూర్చోబెట్టి డాక్టరమ్మ మళ్లీ బొమ్మ గీసింది. పోయినసారి గీసిన బొమ్మే. ఈసారి దొంగలైను మీద అడ్డగీత పెట్టింది. దాని పక్కన అసలు లైను మీద కూడా అడ్డగీత పెట్టింది.

వేడి అసలు లైనుకి తగిలింది. పైనుంచి కిందికి ఇప్పుడు ఏమీ దిగడం లేదు. దాన్నే వీళ్లు బ్లాక్ అంటారు. మెడ దగ్గర నుంచి ఒక తీగ దించి, బయట పెట్టె పెట్టి, దానితో గుండెని కొట్టిస్తున్నారు. రెండుమూడు రోజులు చూద్దాం, వాపు తగ్గితే ఆ లైను తిరిగి రావచ్చు అంది. రాకపోతే చర్మం కింద మెషీను పెట్టాలి. జిందగీ భర్.

"మైనే బతాయా థా, బాబా" అంది. కోపంగా అనలేదు. ఆ రోజు చెప్పాను కదా అని అంతే. చెప్పింది. నా ఎదురుగానే, వేలెత్తి చెప్పింది.

జోగమ్మకి ఏమని చెప్పాలి? టెంపరరీ మెషీను పెట్టారు అని చెప్పాను. టెంపరరీయే కదా. అది అబద్ధం కాదు.

రమణని అద్దంలోంచి చూపించారు. నన్ను చూసి కుడిచేతి బొటనవేలు ఎత్తాడు. నేనూ ఎత్తాను. ఆనందంగా ఉన్నట్టే ఎత్తాను.

జూలై 19, శనివారం

రాలేదు.

జూలై 20, ఆదివారం

రాలేదు. మధ్యలో ఒకసారి లైను కొంచెం వచ్చినట్టుందని నర్సు అంది. పరిగెత్తుకెళ్లి జోగమ్మకి చెప్పాను. తిరిగొచ్చేసరికి ఆ నర్సు, నహీఁ బాబా, గలతీ సే బోలా, పొరపాటుగా అన్నాను అంది.

జూలై 21, సోమవారం

పర్మనెంటయింది.

జూలై 24, గురువారం

ఇంటికొచ్చాం. ఎడమ భుజం కింద మెషీను, అగ్గిపెట్టెంత ఎత్తు కనపడుతోంది. ఎడమచెయ్యి భుజం దాటి ఎత్తకూడదన్నారు. లోపలి తీగ కుదురుకునేదాకా, నెల పైనే. జోగమ్మ వాడికి చొక్కా తొడుగుతోంది, చిన్నప్పుడు తొడిగినట్టు.

"దీనికి రోజూ ఛార్జింగు ఎట్టాలేటిరా?" అని అడిగింది.

"నహీఁ మా. ఏడెనిమిది సాల్ చల్తా హై. ఫిర్ బదల్‌నా." ఏడెనిమిదేళ్లకి మార్చాలట. అప్పటికి మేము ఉంటామో లేదో. రాయకూడదనుకున్నాను, రాసేశాను.

వరహాలు కర్ర ఊపుకుంటూ గుమ్మంలోకొచ్చాడు. "ఏటి బావా, బ్లాక్ దొరికిందా?" అని అరిచాడు.

"దొరికింది" అన్నాను.

"అయితే లడ్డూలేవి?"

ఆసుపత్రి నుంచి వెనక్కి తెచ్చిన పెట్టె ఉంది. దాంట్లోంచే ఇచ్చాను. చెమ్మ పట్టి ఉంది. బాగుందన్నాడు.

ఆగస్టు 3, ఆదివారం

ఉండబట్టలేక అడిగాను. వాకిట్లో ఇద్దరమే ఉన్నాం. జోగమ్మ గుడికి వెళ్లింది.

"ఒరే, ఆ బ్లాక్ అంటే ఏటో నీకు ముందే తెలుసేటి?"

"పతా థా" అన్నాడు. తెలుసట.

"తెలిసీ ఎందుకొప్పుకున్నావురా?"

 వాడు వీధిలోకి చూస్తూ తెలుగూ హిందీ కలిపి చాలాసేపు మాట్లాడాడు. ఈ మధ్య అంతసేపు నాతో మాట్లాడలేదు. "నువ్వు అంత ఖుష్ ఉన్నావు నాన్నా. పూరా మొహల్లాకి చెప్పేశావు. వరహాలు మామకి, టీ వాలాకి, సబ్‌కో. బ్లాక్ అంటే బాపరే, ప్రమాదం అని నేను చెప్తే నీ మొహం ఎలా అయిపోతుందో అని... ఔర్ సౌ మే చార్-పాంచ్ హీ తో బోలీ థీ. నూటికి నాలుగైదే కదా, ముఝే థోడీ హోగా, నాకెందుకవుతుంది అనుకున్నా. నాకూ ఇంజన్ కావాలి నాన్నా. తుమ్‌హారే లియే హీ నహీఁ, నీకోసమే కాదు. నాకు కూడా."

"నువ్వొక్కసారి గట్టిగా సెప్పుంటే..."

"ఏక్ బార్ బోలా థా" అన్నాడు.

ఒకసారి చెప్పాను అన్నాడు.  లేచి కుండీలకి నీళ్లు పోశాడు, కుడిచేత్తో.

ఆగస్టు 5, మంగళవారం

'దూస్‌రా' అంటే వేరేది అని నాకు తెలియదా? పుట్టింది ఇక్కడ, పెరిగింది ఇక్కడ. తెలుసు.

ఆగస్టు 19, మంగళవారం

రెండో మెడికల్‌కి తీసుకెళ్లాను. వద్దని రమణ అన్నాడు. వెళ్లకపోతే అదొకటి మిగిలిపోతుందని నేనే బయల్దేరదీశాను. డాక్టరు చొక్కా గుండీలు విప్పించి చూసి, మళ్లీ తనే ఒక గుండీ పెట్టాడు. అన్‌ఫిట్. ఈసారి ముందు ఏ మాటా లేదు.

మాంగో పేటలో ఒక కోచింగ్ సెంటరువాళ్లు రమణని పిలిచారు. లోకో పైలట్ పరీక్షకి కూర్చునే పిల్లలకి లెక్కలు చెప్పాలట. వెళ్తానన్నాడు. నాలుగుసార్లు రాసినవాడికంటే బాగా ఎవరు చెప్తారు నాన్నా అని నవ్వాడు. నేనూ నవ్వాను. జోగమ్మ నవ్వలేదు. మొదటి నుంచీ ఈ ఇంట్లో నవ్వకూడని చోట నవ్వనిది అదొక్కతే.

ఆగస్టు 24, ఆదివారం

ఈ రోజు ఏం రాయాలో తెలియకుండానే మొదలుపెట్టాను.

పొద్దున్న వాన వెలిశాక రమణ కాస్త నడవాలన్నాడు. డాక్టరమ్మ నడవమంది. లైను వైపు వెళ్దామన్నాడు. నేను బజారు వైపు తిప్పబోయాను. వాడు లైను వైపే తిరిగాడు.

అక్కడ గ్యాంగు పని చేస్తోంది. కుర్రాళ్లంతా కొత్తవాళ్లు, నన్నెరగరు. మేటు మాత్రం నా దగ్గర పని నేర్చినవాడే. రండి నీలకంఠంగారూ అని సైగ చేశాడు. ఇంతలో వాడి చేతిలో ఫోను మోగింది. విని, చెయ్యెత్తి, "బ్లాక్ మిల్ గయా!" అని అరిచాడు. కుర్రాళ్లంతా కేకలేశారు. మేమూ అలాగే వేసేవాళ్లం.  అక్కడే ఉన్న పాత స్లీపర్ల దొంతి పట్టుకున్నాను.

"నాన్నా, రా" అన్నాడు రమణ. నా మోచెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, పని జరుగుతున్న చోటికి దూరంగా పట్టా మీద కూర్చోబెట్టాడు. కూర్చోబోయే ముందు తన మెడలోని తువ్వాలు తీసి, మడిచి, వేశాడు. ఇనుము కాలడం లేదు. వానకి చల్లగా ఉంది. అయినా వేశాడు.

చాలాసేపు కూర్చున్నాం. వాడు రాళ్లు ఏరి ఒకదాని మీద ఒకటి పెడుతున్నాడు.

"బండి రాదా, నాన్నా?" అన్నాడు.

నేను వాడు పేర్చిన రాళ్లవైపు చూశాను.

"బోలో నా."

"బ్లాక్‌లో బండి రాదురా" అన్నాను.

తలూపాడు. వాడికి అది వినడం ఇప్పటికీ ఇష్టమేనా, లేక నన్ను శిక్షిస్తున్నాడా, లేక నన్ను ఓదారుస్తున్నాడా, నాకు తెలియలేదు. వాడి మొహంలో ఏదీ లేదు. వాడి మణికట్టు మీద వేళ్లు వేసి చూశాను. చిన్నప్పుడు జ్వరమొస్తే చూసినట్టు. ఒకటే వరస. ఎక్కడా తప్పడం లేదు. అంత తిన్నగా మనిషి గుండె కొట్టుకోకూడదు.

మేటు ఈల వేశాడు. పని అయిపోయింది, బ్లాక్ అయిపోయింది, లైను తిరిగి ఇచ్చేస్తున్నారు. కుర్రాళ్లు సామాను తీసి పక్కకి దిగారు. నేను లేచాను. రమణ లేవలేదు.

"లేరా, బండొత్తాది."

"మేరీ లైన్ మే నహీఁ ఆయేగీ" అన్నాడు. నా లైనులో రాదు నాన్నా అని. తమాషాగానే అన్నాడు. తమాషాగా అన్నట్టే ఉంది.

కుడిచెయ్యి పట్టుకుని లాగాను. బరువుగా ఉన్నాడు. లేచాడు, తువ్వాలు తీసుకున్నాడు, నా వెంట పక్కకి దిగాడు. దిగాక కూడా ఆ చెయ్యి నేను వదల్లేదు.

గూడ్సు వచ్చింది. మొహం మీద గాలి కొట్టింది. ఇంజనులో కుర్రాడు, రమణ ఈడువాడే, మావైపు చూశాడు. చూసి చెయ్యెత్తాడు.

రమణ ఎడమచెయ్యి ఇంకా ఎత్తకూడదు. కుడిచెయ్యి నా పిడికిట్లో ఉంది. అది ఒక్కసారి కదిలింది, పైకి లేవబోతున్నట్టు. వదిలితే ఎత్తేవాడు.

వదల్లేకపోయాను. ఆఖరి పెట్టె వెళ్లిపోయేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాను.